ఖాజా భాయ్ పాసు చేసిన పాటలు

నేను రెండుసార్లు రిటైరయ్యాను. మొదటిసారి సైన్యం నుంచి. అప్పుడు మెడలో దండ వేసి, చేతిలో ఒక గోడగడియారం పెట్టి పంపించారు. రెండోసారి పాట నుంచి. అప్పుడు ఎవరూ ఏమీ పెట్టలేదు, ఎందుకంటే నేను పాడటం మానేశానన్న సంగతి చాలామందికి తెలియలేదు. పాడుతున్నప్పుడూ పెద్దగా తెలిసేది కాదు. నా పాట అంత మెల్లగా ఉండేది.

హుజూర్‌నగర్‌లో మా ఇంటికి ఇప్పటికీ వారానికి ఒకరో ఇద్దరో గిటార్ సంచి భుజాన వేసుకుని వస్తుంటారు. డిగ్రీ చదివే అమ్మాయిలు, రైసుమిల్లులో పనిచేసే అబ్బాయిలు. అందరూ అడిగేది ఒకటే: “సార్, గొంతు పెద్దగ ఎట్ల చేస్కోవాలె?” నాకు గొంతు చిన్నది చేసుకోవడం తప్ప ఏమీ రాదంటే వినయం అనుకుంటారు. అందుకని ఈ పని నిజంగా ఎట్లా ఉంటుందో కాగితం మీద పెడుతున్నాను. సన్మానాల సంగతి రాయను. నాకు కప్పిన శాలువాలతో మా ఆవిడ పద్మ దిండ్లకు గలీబులు కుట్టించింది. రోజూ ఆ గౌరవం మీదే తల పెట్టి పడుకుంటాను, అది చాలు.

నన్ను మొదటి పన్నెండేళ్లలో చూసినవాళ్లు మైకు లేకుండా చూశారు. చివరి ఏళ్లలో చూసినవాళ్లు మైకుతో చూశారు. ఆ రెంటి మధ్య ఒక తప్పు ఉంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నా పాటలకంటే ఆ తప్పే ఎక్కువ పనికొస్తుంది.

మీట నొక్కే ముందు

సైన్యంలో నేను వైర్‌లెస్ ఆపరేటర్‌ని. తుపాకీ నాకూ ఇచ్చారు గానీ, పద్దెనిమిదేళ్లలో ఎక్కువగా మోసింది రేడియో సెట్టునే. శత్రువు కంటే బ్యాటరీ అయిపోవడం నన్ను ఎక్కువ భయపెట్టింది. హుజూర్‌నగర్ వాడిని కాబట్టి ‘జీ హుజూర్’ అనడం నాకు పుట్టుకతో వచ్చిందని తోటివాళ్లు ఏడిపించేవారు.

నాకు పని నేర్పింది హర్యానా నుంచి వచ్చిన ఒక సుబేదార్. మేము ఉస్తాద్ అనేవాళ్లం. ఆయన నేర్పినవి మూడే మూడు. మొదటిది, మాట్లాడే మీట నొక్కే ముందు ఒక ఊపిరంత సేపు వినాలి. అవతల ఎవరో మాట్లాడుతూ ఉండవచ్చు. రెండోది, గాలి ఎంత హోరుమన్నా సెట్టు ముందు అరవకూడదు. అరిస్తే మాట పగిలిపోతుంది, అవతలివాడికి మన కోపం చేరుతుంది గానీ కబురు చేరదు. మైకు ఉన్నదే మామూలు గొంతుతో మాట్లాడటానికి అని ఆయన వందసార్లు చెప్పి ఉంటాడు. మూడోది, మాట ముగించాక ‘ఓవర్’ అనాలి. అంటే నా మాట అయింది, ఇక నీ వంతు, నేను వింటున్నాను అని. సంభాషణే ముగిసిపోతే ‘అవుట్’ అనాలి. సినిమాల్లో లాగా రెండూ కలిపి అన్నవాడిని ఉస్తాద్ మైదానం చుట్టూ పరుగెత్తించేవాడు. నీ వంతు అని చెప్పి తలుపు మొహం మీద మూయడం ఏం మర్యాద అనేవాడు.

గిటార్ మిజోరం నుంచి వచ్చిన ఒక సహచరుడిది. బదిలీ మీద పోతూ నా మంచం మీద పెట్టి పోయాడు. ఆరు తీగల్లో ఐదే ఉండేవి. గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే పట్టీలను ఫ్రెట్లు అంటారట. నాకవి ఫికర్లే, ఒక్కొక్కటీ ఒక దిగులు. ఏ ఫికర్ మీద ఏ వేలు పెట్టాలో తెలిసేసరికి రెండు చలికాలాలు గడిచాయి. పక్కనే ఉస్తాద్ చెవికి సెట్టు పెట్టుకుని కూర్చునేవాడు. చిన్న చప్పుడు ఎక్కువైనా కనుబొమ్మ లేచేది. అందుకే గోటితో కాక వేలికొసతో మీటడం, పాటను పెదవి దాటనిచ్చీ దాటనివ్వకుండా పాడటం అలవాటైంది. ఇప్పుడు దాన్ని నా శైలి అంటున్నారు. అప్పుడు అది డ్యూటీ.

తిరుమలగిరిలో ఓవర్

తెలంగాణ వచ్చాక కొన్నాళ్లకు నేనూ వచ్చాను. రాష్ట్రానికి ఊరేగింపులు జరిగాయి, నాకు ఆటో దొరికింది. నేను సైన్యంలోకి పోయేటప్పుడు మాది నల్గొండ జిల్లా. తిరిగొచ్చి స్థిరపడేలోపే సూర్యాపేట జిల్లా అయింది. ఇల్లు కదలకుండా బదిలీ అయినవాళ్లం మేము.

మా వైపు పాట అంటే గొంతు నరాలు ఉబ్బాలి, కాలికి గజ్జె ఉండాలి, భుజం మీద గొంగడి ఎగరాలి. పది మంది కోరస్ అందుకోవాలి. అది గొప్ప పాట, దాని ముందు నేను ఇప్పటికీ లేచి నిలబడతాను. కానీ నేను పాడేది కుర్చీలో కూర్చునే పాట. సొంతంగా కట్టుకున్న మాటలు, ఐదు తీగలు (ఆరోది వేసుకున్నా నా వేళ్లు దాన్ని చుట్టంలాగానే చూసేవి), అరగది దూరం దాకా వెళ్లే గొంతు.

మొదటి సభ తిరుమలగిరిలో, ఒక బడిపంతులు గారి పదవీ విరమణ. ఒక చరణం పాడాను. ఆ గాభరాలో, పద్దెనిమిదేళ్ల అలవాటు కొద్దీ, చరణం చివర “ఓవర్” అన్నాను. అందరూ పాట అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టి లేచారు. వెనకాల అన్నం గంపల మీద గుడ్డ తీశారు. ఇక రెండో చరణం ఎవరికి కావాలి? నేను ఇంకా ఉంది, ఇంకా ఉంది అని నా గొంతుతో చెబుతుంటే నా పక్కనున్న పంతులుగారికి తప్ప ఎవరికీ వినపడలేదు. ఆయన జాలిపడి ఒక్కరే కూర్చుని మిగతా పాట విన్నారు. వరుసలో నిలబడ్డ ఒకాయన విస్తరి పట్టుకుని తీర్పు ఇచ్చాడు: “పాట తక్కువ, మిల్ట్రాయన జర ఓవర్.”

ఊరికి తిరిగి రాగానే ఈ సంగతి చెప్పుకున్నది ఖాజా భాయ్‌తో. ఓవర్ అంటే ఏమిటో విడమరిచి చెబితే, ఆయన గోడకు ఆనుకుని నవ్వాడు. ఆ తర్వాత నన్ను చాయ్‌కి పిలిచినా, పొమ్మన్నా, మాట చివర ఓవర్ తగిలించేవాడు.

నేల చూపుల న్యాయమూర్తి

ఖాజా భాయ్ నాకంటే నాలుగేళ్లు పెద్ద. బస్టాండు పక్కన మైక్ సెట్ దుకాణం. పెళ్లయినా, దర్గా దగ్గర ఉర్సయినా, ఎన్నికల మీటింగయినా ఈ చుట్టుపక్కల ఆయన బాక్సులే. మైకులు ఆయనవి, మైకం మాట్లాడేవాళ్లది. ముప్పై ఏళ్లు నిలువెత్తు బాక్సుల ముందు నిలబడి “హలో, హలో” అంటూ చెవితో పరీక్షించిన మనిషి. ఆయన మామూలుగా మాట్లాడితే ఎదుటి కిరాణా కొట్టువాడు బదులు చెప్పేవాడు.

కొత్త పాట కట్టినప్పుడల్లా ముందు ఆయనకే వినిపించేవాడిని. మధ్యాహ్నం జొహర్ నమాజు అయ్యాక, దుకాణంలో గిరాకీ లేని వేళ. నేను స్టూలు మీద, ఆయన ఒక పాత బాక్సు మీద. నేను మొదలుపెట్టగానే తల వంచుకుని, చూపు నేలకు దించేవాడు. ఎంత వినయం, ఎంత ఏకాగ్రత అనుకునేవాడిని. కాసేపటికి తల మెల్లగా ఊగేది. సరిగ్గా తాళానికి. ఒక్క దెబ్బ తప్పేది కాదు. అట్లా తల ఊపితే పాట పాసు. ఊపకపోతే ఫెయిలు. వాదన లేదు, అప్పీలు లేదు.

పాట అయ్యాక ఎప్పుడూ ఒకటే మాట: “మంచిగున్నది మిల్ట్రీ. గానీ మైకు పెట్టుకో.”

నేను నవ్వేవాడిని. చెప్పులు కుట్టేవాడు పాదాలు చూస్తాడు, మైకులవాడు గొంతు చూస్తాడు అనుకునేవాడిని. మైకు పెట్టుకోనని నేనొక వ్రతం పట్టాను. వినాలనుకున్నవాళ్లు దగ్గరికి జరగాలి, పాట వాళ్ల మీద పడకూడదు అని ఎక్కడ అడిగినా గంభీరంగా చెప్పేవాడిని. ఆ మాటలో కొంత నిజం ఉంది. కానీ ఆ వ్రతం వెనక సంగీతం కంటే గర్వమే ఎక్కువగా ఉందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. మైకు ఎందుకో ఉస్తాద్ వందసార్లు చెప్పినా, నూటొకటోసారి చెప్పడానికి ఆయన హుజూర్‌నగర్‌లో లేడు.

ఆ పన్నెండేళ్లలో ఖాజా భాయ్ ఫెయిలు చేసిన వాటిలో ఒకటి నాకు ప్రాణం. సైన్యంలో కాపలా పోస్టు మీద సెట్టు చెవికి పెట్టుకుని ఎవరి పిలుపూ లేక కూర్చున్నప్పుడు అందులోంచి ఒక సన్నటి గరగర వస్తూనే ఉంటుంది. వినగా వినగా అది మా అమ్మ చాటలో బియ్యం చెరుగుతున్న చప్పుడులా అనిపించేది. దాని మీద కట్టాను:

చెరుగవే అమ్మా చెరుగు
చాటకు అటు పొట్టు, ఇటు గింజ
నేనెటు రాలితె ఏమాయె
నీ ఒడి దాకా గాలి ఉన్నది

దానికి తాళం లేదు. ఊపిరి ఎట్లా పోతే అట్లా పోతుంది. ఖాజా భాయ్ ముందు పాడితే ఆయన బండలా కూర్చున్నాడు. తల ఒక వెంట్రుక కూడా కదలలేదు. చివర మాత్రం అలవాటుగా మైకు పెట్టుకోమన్నాడు. నేను ఆ కాగితాన్ని ట్రంకు పెట్టెలో అడుగున, ఉన్ని సాక్సుల కింద పెట్టేశాను. మళ్లీ ఎక్కడా పాడలేదు.

గొర్రెల సర్టిఫికెట్

మెల్లగా పాడేవాడికి ఎవరు పిలుపు ఇస్తారని మీరు అడగవచ్చు. చప్పుడు వద్దనుకునే ఇళ్లు ఎన్ని ఉంటాయో నాకూ ముందు తెలియదు. ఇంట్లో పరీక్షలకు చదివే పిల్ల ఉన్న ఇల్లు, గుండె జబ్బు పెద్దాయన ఉన్న ఇల్లు, దవాఖానలో బాలింతల వార్డు. నా పాటకు నిద్రపోయినవాళ్ల మీద మొదట్లో కోపం వచ్చేది. తర్వాత తెలిసింది, నిద్ర పట్టని మనిషికి నిద్ర రావడం కన్నా చప్పట్లు ఏమీ పెద్దవి కావని. మీ పాట నడుమ ఎవరైనా గురక పెడితే శ్రుతి చూసుకుని సాగిపోండి.

ఆత్మకూర్ నుంచి బీరయ్య అనే గొర్ల కాపరి ఒకసారి ఫోన్ చేశాడు. మనవరాలి తొట్టెల పండుగ. ఇంటి వెనకే దొడ్డిలో మంద కొత్తగా ఈనింది. డీజే పెడితే గొర్లు బెదిరి పిల్లలకు పాలివ్వవు. “నీ పాటకు గొర్లు బెదరవట గద సారూ?” అని అడిగాడు. నా వృత్తి జీవితంలో అంతకంటే మంచి సర్టిఫికెట్ నాకు రాలేదు.

వెళ్లాను. దొడ్డి పక్కనే కూర్చుని పాడాను. తొట్టెలలో పిల్ల నిద్రపోయింది, గొర్లు నెమరు వేస్తూ విన్నాయి. ఆడవాళ్లు దగ్గరికి జరిగి, ఒకరి భుజం మీద ఒకరు గడ్డం ఆనించి విన్నారు. లేచి దండం పెట్టి గిటార్ భుజాన వేసుకున్నానో లేదో, వెనక నుంచి పొట్టేలు వచ్చి ఒక్కటి ఇచ్చింది. రాతి మీద పడ్డాను, కుడికాలి మడమ దగ్గర ఎముక చిట్లింది. బీరయ్య నొచ్చుకుంటూ నన్ను లేపి సముదాయించాడు: “గది పాటకు కాదు సారూ. గిటారు మెడను ఇంకో పొట్టేలు కొమ్మనుకున్నది.” గొర్లను మాత్రమే అడిగాడు, పొట్టేలును అడగలేదు. పిలుపు వచ్చినప్పుడు శ్రోతలందరి గురించీ ముందే కనుక్కోవాలన్నది ఆ రోజు పాఠం.

కుడికాలికి మోకాలి దాకా కట్టుతో ఇల్లు చేరాను. అంత పెద్ద పాఠం ఇంకొకటి ఆ కాలు దగ్గరే ఉందని అప్పటికి తెలియదు.

పాసైన పాట ఫెయిలు

వారం తర్వాత ఆటోలో ఖాజా భాయ్ దుకాణానికి వెళ్లాను. కట్టుకట్టిన కాలు ఎదుటి స్టూలు మీద చాపుకుని, పొట్టేలు కథ చెప్పి నవ్వుకుని, ఏదైనా పాత పాట పాడదామని మొదలుపెట్టాను. ఆయన ఎప్పుడో పాసు చేసిన పాటే. చాలాసార్లు తల ఊపిన పాటే.

ఆయన తల వంచి నేల చూశాడు. తర్వాత స్టూలు మీది కాలు చూశాడు. మళ్లీ నేల చూశాడు. తల కదలలేదు. బండలా కూర్చున్నాడు.  నడుమ ఆపేసి, ఏంది భాయ్, ఈ పాట బాగాలేదా అని అడిగాను. ఆయన “మంచిగున్నది, మంచిగున్నది. మైకు పెట్టుకో” అన్నాడు, ఇంకా ఆ కాలినే చూస్తూ.

అప్పుడే దుకాణం వెనకున్న ఇంట్లోంచి ఆయన భార్య ఫాతిమా భాభీ చాయ్ తెచ్చింది. పాసైన పాటను మీ ఆయన మళ్లీ ఫెయిల్ చేస్తున్నాడు చూడమని ఆమెకు ఫిర్యాదు చేశాను. భాభీ కప్పు నా చేతిలో పెట్టి, మామూలు గొంతుతోనే అంది:

“ఆయనకు నా తిట్లే ఇనబడవు భయ్యా, నీ పాట ఇనబడ్తదా? నీ కాలు సూసి తల ఊపుతడు. ఇయ్యాల కాలుకు కట్టున్నది గద.”

ఖాజా భాయ్ మా ఇద్దరి మొహాలు చూశాడు. ఆమె అన్నది వినపడకపోయినా, ఏమందో ఆయనకు అర్థమైంది.

పాడేటప్పుడు నా కుడికాలు తాళం వేస్తుంది. సైన్యంలో కవాతు చేసిన కాలు, తాళం తప్పదు. మాటలైతే పెదవులు చూసి పోల్చుకునే మనిషి, పాటకు మాత్రం పన్నెండేళ్లు ఆ కాలు చూస్తూ తల ఊపాడు. తాళం ఉన్న ప్రతి పాటా పాసు. తాళం లేని చాట పాటకు కాలు కదలలేదు, తలా కదలలేదు. వినని న్యాయమూర్తి ముందు నేను పన్నెండేళ్లు వాదించాను. ఇంకా సిగ్గుచేటు ఏమిటంటే, వినడమే ఉద్యోగంగా పద్దెనిమిదేళ్లు చేసినవాడిని. వెయ్యి మైళ్ల అవతలి గరగరలో మాట ఏరగలిగిన నా చెవికి, రెండడుగుల దూరంలో ఉన్న మనిషికి వినపడటం లేదన్న సంగతి వినపడలేదు.

ఆ క్షణంలో నాకు రావాల్సింది జాలి. వచ్చింది కోపం. ఆయన చెవి దగ్గరికి వంగి, ఇన్నేళ్లు నాతో ఆటలాడావా అన్నాను.

“ఆటలేందిరా,” అన్నాడాయన. “సంబురంగ పట్టుకొస్తుంటివి. మొహం సూసి ఇనబడ్తలేదని ఎట్ల జెప్పాలె? మైకు పెట్టుకో, మైకు పెట్టుకో అని జెప్తనే ఉంటి గద.”

నేను చాయ్ తాగకుండా కుంటుకుంటూ బయటికి వచ్చేశాను. ఆత్మాభిమానంతో విసురుగా వెళ్లిపోవాలనుకునేవాడికి కాలి కట్టు ఉండకూడదు. ఆటో దొరికేదాకా ఆయన దుకాణం మెట్టు మీదే కూర్చోవలసి వచ్చింది.

పద్మ చెప్పిన మాట

కట్టు విప్పేదాకా నేను అటు పోలేదు. నడుమలో భాభీ మా ఇంటికి వచ్చి పద్మ దగ్గర చెప్పుకుందట. నల్గొండ దవాఖానలో చూపించారు, బాక్సుల చప్పుడుకు చెవులు దెబ్బతిన్నాయి, పోయింది తిరిగి రాదు, ఉన్నది కూడా ఏటేటా తగ్గుతుంది అన్నారు. చెవి మిషన్ పెట్టుకోమంటే ఈయన వినడు. మైకుల ఖాజా చెవిలో మిషన్ పెట్టుకుంటే ఊరు నవ్వుతుందట. ఇప్పుడు దోస్తు కూడా రావడం లేదని షట్టర్ సగం దించి కూర్చుంటున్నాడట.

ఇదంతా చెప్పి పద్మ ఇంకొక్క మాట అంది. ముప్పై ఏళ్ల సంసారంలో నన్ను ఇంత సూటిగా కొట్టిన మాట లేదు. పొట్టేలు కూడా అంత సూటిగా కొట్టలేదు.

“ఆయనకైతె చెవులు పోయినయ్. నీ చెవులకేమైంది? పన్నెండేండ్లు మైకు పెట్టుకో అని మొత్తుకుంటె ఇన్నవా నువ్వు?”

మైకు పెట్టుకో అన్న మాటను నేను మైకులవాడి అమ్మకం అనుకున్నాను. అది అడగడం. ఒక మనిషి తన దోస్తు పాట వినాలని పన్నెండేళ్లు అడిగాడు. ఆయన చెవిలో ఇంకా కొంచెం వినికిడి మిగిలి ఉంది, అది రోజురోజుకూ తరుగుతోంది. నేను వ్రతం చేసుకుంటూ కూర్చున్నాను.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నా నిక్కమైన తీర్పు ఇది: మెల్లగా పాడటం గొప్ప కాదు. ఎదుటివాడికి చేరేటట్టు మెల్లగా పాడటం పని. చేరకపోతే అది మెల్లన కాదు, మనలో మనం గొణుక్కోవడం.

ఊరికి బంద్, మనకే

ట్రంకు పెట్టె తెరిచి సాక్సుల కింది కాగితం తీసుకున్నాను. మధ్యాహ్నం వేళ దుకాణానికి వెళ్లాను. ఖాజా భాయ్ ఒక పాత హారన్‌కు గుడ్డతో దుమ్ము తుడుస్తున్నాడు. నన్ను చూసి, ఆ తుడిచిందే మళ్లీ తుడిచాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాను.

“భాయ్, మైకు పెట్టు,” అన్నాను.

“ఏంది?”

“మైకు పెట్టు.”

“ఏమంటున్నవ్?”

నా పాటగాడి జీవితంలో మొదటిసారీ చివరిసారీ గొంతెత్తి అరిచాను. ఎదుటి కొట్టు దగ్గర ఇద్దరు తిరిగి చూశారు, బస్టాండులో ఒక కండక్టర్ విజిల్ నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. భాభీ లోపలి నుంచి తొంగి చూసింది. ఖాజా భాయ్ మాత్రం గుడ్డ పక్కన పెట్టి లేచాడు.

మంచి మైకు అడుగు పెట్టెలో ఉంది. దానికి చుట్టిన గుడ్డ చూస్తే చాలాకాలంగా ఎవరి కోసమో దాచినట్టుంది. స్టాండు బిగించి, నా పెదవులకు నాలుగు వేళ్ల దూరంలో నిలిపాడు. రెండో మైకు గిటార్ గుండ్రటి రంధ్రం దగ్గర. బాక్సుల తీగలు పీకేశాడు. “ఊరికి బంద్, మనకే,” అని తాను మిక్సర్‌కు తగిలించే పెద్ద హెడ్‌ఫోన్ తలకు పెట్టుకుని మీట తిప్పాడు.

నాకు ఏమీ వినపడలేదు, అంతా ఆయన చెవుల్లోనే ఉంది. చాలా ఏళ్ల తర్వాత మళ్లీ సెట్టు ముందు కూర్చున్నట్టుంది. ఉస్తాద్ చెప్పినట్టు ఒక ఊపిరంత సేపు ఆగి విన్నాను. తర్వాత చాట పాట పాడాను. పోస్టు మీద పాడినంత మెల్లగా, గొంతు ఒక పిసరు కూడా పెంచకుండా.

ఆయన నేల చూడలేదు. నా కాలు చూడలేదు. కళ్లు మూసుకున్నాడు. ఇన్నేళ్లలో నా పాట ముందు ఆయన కళ్లు మూసుకోవడం అదే మొదలు. తల మాత్రం కదలలేదు. రెండోసారి ‘నీ ఒడి దాకా గాలి ఉన్నది’ దగ్గరికి వచ్చేసరికి నా గొంతు వణికింది. పాట అయ్యాక ఏమనాలో తోచక, పాత అలవాటు నోట్లోకి వచ్చింది.

“ఓవర్,” అన్నాను.

ఆయన కళ్లు తెరిచాడు. నన్ను కొత్తగా చూస్తున్నట్టు కాసేపు చూశాడు.

“గిదేనా నీ గొంతు?”

గిదే అన్నట్టు తల ఊపాను.

“గీ గొంతుకా నేను పన్నెండేండ్లు తల ఊపింది?”

నవ్వు ముందు ఆయనకే వచ్చింది. హెడ్‌ఫోన్ జారేదాకా నవ్వాడు. నేను గిటార్ మీద వాలిపోయి నవ్వాను, ఆ నవ్వు మైకులోంచి ఆయన చెవుల్లోకి పోయి ఆయన ఇంకా నవ్వాడు. భాభీ ఇద్దరికీ పిచ్చి పట్టిందని గుమ్మంలో నిలబడి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

నవ్వు ఆగాక ఆయన హెడ్‌ఫోన్ సరిచేసుకుని మైకు తనవైపు తిప్పుకున్నాడు. నేను రెండు చేతుల దూరంలోనే ఉన్నాను, మైకు అవసరం లేదు. కానీ అందులో మాట్లాడేసరికి తన గొంతు తనకే వినపడినట్టుంది. ఎదుటి కొట్టువాడికి వినపడే ఆ గొంతు ఒక్కసారిగా తగ్గిపోయింది. ఖాజా భాయ్ మెల్లగా మాట్లాడటం నేను అప్పుడే విన్నాను.

“రెండోసారి గాలి కాడ గొంతు వణికింది మిల్ట్రీ. అయినా గిది పాసు. ఇగ మొదటిసంది అన్ని పాటలు పాడు. గీసారి ఇని చెప్త. ఓవర్.”

మైకు మళ్లీ నావైపు తిప్పాడు. నా వంతు. ఆ మధ్యాహ్నం నుంచి సాయంత్రం అసర్ నమాజు వేళ దాకా పదకొండు పాటలు పాడాను. ఆయన ఒక్కొక్కటీ కళ్లు మూసుకుని విని, ఒక్కొక్కదానికీ మైకులో తీర్పు చెప్పాడు. పదకొండులో ఏడు ఫెయిలయ్యాయి. అంత సంబరంగా నేను ఏ పరీక్షా తప్పలేదు.